కుర్సురా గోడ మీద చెయ్యి

కథ ఆగిపోయి నాలుగు నెలలైంది. విశాఖ వెళ్ళింది అందుకే. అరకు, బొర్రా, కైలాసగిరి ఏవీ నా లెక్కలో లేవు. నేను రాస్తున్న సైన్స్ ఫిక్షన్ కథలో ఒక యుద్ధనౌక ఉంది, దానికో మహిళా కెప్టెన్ ఉంది. తగిలిన దెబ్బలన్నీ ఆ నౌక తనంతట తానే పూడ్చుకుంటుంది. నిన్న ఉన్న తలుపు ఇవాళ ఉండదు. మనుషులూ ఒక్కొక్కరే తగ్గిపోతుంటారు. చీకటి కథే. కానీ యుద్ధనౌక లోపల ఒక్కసారైనా అడుగు పెట్టకుండా రాసిన ఆ గోడలు నాకే అట్టముక్కల్లా కనపడి, కాగితాలు పక్కన పెట్టేశాను.

ఖమ్మంలో రాత్రి ఎక్కిన బండి రెండు గంటలు ఆలస్యంగా దింపింది. స్టేషన్ నుంచి ఆర్కే బీచ్‌కి ఆటో అతను 250 అడిగాడు. బేరమాడితే 200కి దిగాడు. నాలుగైదు కిలోమీటర్లకి 200! ఆ చిరాకు సముద్రం కనపడేదాకా పోలేదు.

ఇసుక పక్కన నల్లగా, 91 మీటర్ల పొడవున ఉంది కుర్సురా సబ్‌మెరైన్. 1969 డిసెంబరు 18న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధం చూసింది. 2001 ఫిబ్రవరి 27న విరమించింది. మరుసటి ఏడాది ఒడ్డుకు లాగి మ్యూజియం చేశారు. ఇదంతా ఇంటి దగ్గర చదువుకునే వెళ్ళాను. ఆ ఇరుకు మాత్రం చదివితే తెలిసేది కాదు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి నడుం వంచి, కాలు ముందు పెట్టి దూరాలి. రెండు వైపులా పైపులు, వాల్వులు, చక్రాలు. టార్పెడోల పక్కనే పడకలు. అక్కడక్కడా యూనిఫాం తొడిగిన బొమ్మలు నిలబెట్టారు. ఒక బొమ్మ చేతివేళ్ళ దగ్గర రంగు పోయి తెల్లగా ఉంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. నా నౌక పోయిన మనుషుల స్థానంలో ఇలాంటివే పెంచుకుంటుందేమో అనిపించి ఒళ్ళు జలదరించింది. వెనక నుంచి స్కూలు పిల్లలు తోసుకొస్తుంటే ఓ పక్కకి ఒదిగి, గోడ మీద చెయ్యి వేశాను.

"ఏటమ్మా, అలా తడుముతన్నారు?"

గైడు. శ్రీకాకుళం వైపు మనిషని మాటలోనే తెలుస్తోంది. ఇలాంటి సబ్‌మెరైన్లలోనే పనిచేసి రిటైరయ్యారట. కథ సంగతి చెప్పాను. నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వలేదు. "ఆడ కెప్టెనా?" అన్నారు. నార్వేలో సోల్వెయిగ్ క్రే 1995లోనే సబ్‌మెరైన్‌కి కమాండరైందని, మన దగ్గర ప్రేరణ దేవస్థలీ ఐఎన్ఎస్ త్రిన్‌కట్ అనే యుద్ధనౌకకి కమాండింగ్ ఆఫీసరయ్యారని చెప్పాను. తలూపారు.

"మీ కథలో ఓడ పెరుగుతాది అన్నారు కదమ్మా. ఈ బోటు తరిగింది. మద్దెలో కొన్నేళ్ళు దీన్ని పక్కన పెట్టేసి, దీని సామాన్లు ఊడదీసి వేరే బోట్లకి వేసేసినారు. తరవాత మళ్ళీ రిపేరు చేసి సముద్రంలోకి దింపినారు."

"అప్పుడది అదే బోటా సార్?"

"పేరైతే అదే." కాసేపు ఆగారు. "ఏ బోటైనా అంతేనమ్మా. పెద్ద రిపేరు నుంచి వచ్చినాక మొదటి రోజులు నిద్ర పట్టదు. నీళ్ళ కింద డీజిల్ ఇంజన్లు ఆపేసి బ్యాటరీ మీద ఎళ్తాం. అప్పుడు చిన్న సప్పుడు కూడా ఇనిపిస్తాది. ఏ పంపు ఎలా మోగుతాదో మాకు కంఠస్తం. రిపేరైనాక అయ్యే పంపులు, అయ్యే పైపులు, సప్పుడు మాత్రం వేరే. కళ్ళు మూసుకుని ఇంటాం. అలవాటయ్యేదాకా పరాయింట్లో పడుకున్నట్టే."

పిల్లల గుంపు ఆయన్ని ముందుకు లాక్కుపోయింది. నేను అక్కడే ఉండిపోయాను, ఎందుకంటే మా నాన్న గుర్తొచ్చాడు. కొత్తగూడెంలో బొగ్గు బాయి పని చేసేవాడు. లోపల గడ్డపారతో రూఫ్‌ని తట్టి వినడం గురించి నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాడో. గట్టిగా మోగితే నిశ్చింత. గుల్లగా మోగితే పైన బండ విడిపోయిందని అర్థం, దాని కింద నిలబడకూడదు. ఇంట్లో కూడా కొత్త కుండ తెస్తే ముందు వేలితో కొట్టి వినేవాడు.

బయటికొచ్చేసరికి పొద్దు వాలింది. మురీ మిక్చర్ పొట్లం కట్టించుకుని సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను. ఆ నీళ్ళలోనే, ఒడ్డుకి మరీ దూరం కాకుండా, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఉంది. 1971 డిసెంబరు మొదట్లో 93 మందితో మునిగింది. పాకిస్తాన్ చేతికి రాకముందు అది అమెరికా నౌకాదళపు డయాబ్లో. జెండా మారింది, భాష మారింది, పేరు మారింది, మనుషులు మారారు. తినబుద్ధి కాలేదు. పొట్లం మడిచి సంచిలో పెట్టుకుని నాన్నకి ఫోన్ చేశాను.

"రూఫ్ గుల్లగా మోగితే ఏం చేసేటోళ్ళు నాన్నా?"

"ఏం చేస్తం బిడ్డా, బయటికొచ్చేటోళ్ళం. సపోర్టు పెట్టినంకనే లోపలికి పోవుడు. ఏమైంది, ఏడున్నవ్?"

విశాఖలో అని చెప్పాను. సముద్రంలోకి దిగొద్దన్నాడు.

ఆ మర్నాడంతా లాడ్జి గదిలోనే. కైలాసగిరి ఎక్కలేదు, సింహాచలం కూడా వెళ్ళలేదు. తిరుగు బండిలో పై బెర్తు మీద, రైలు కుదుపుకి అక్షరాలు వంకరపోతుంటే, నాలుగు నెలలుగా రాని సన్నివేశం రాశాను. కెప్టెన్ స్పానర్ పట్టుకుని నడవా వెంట గోడ తడుతూ వస్తుంది. ప్రతిచోటా ఆగి వింటుంది. ఒకచోట గోడ ఖంగుమని, నిండుగా మోగుతుంది. సందు లేదు, గుల్ల లేదు. బాయిలో అయితే మా నాన్న ఊపిరి పీల్చుకునేవాడు.

కెప్టెన్ స్పానర్ కింద పెట్టేసింది. నిన్న రాత్రి ఆ గోడ వెనక గదిలో ఎనిమిది మంది పడుకున్నారు.