అలిపిరి మెట్లు, నెత్తుటి లెక్కలు

వారానికి రెండుసార్లు అలిపిరి దారిలో 3550 మెట్లు ఎక్కే మా అన్నయ్య పిల్లలిద్దరి రక్తపరీక్ష కాగితాలను మొన్న పక్కపక్కన పెట్టుకొని చూశాను. అబ్బాయి హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 13.4 గ్రాములు ఉండగా, రోజూ ఉదయం మైదానంలో పరుగెత్తే అమ్మాయిది 11.8 ఉంది, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ అయితే 9కి పడిపోయింది.

అబ్బాయి అంకె చూసి మా వదిన కంగారుపడింది గానీ, నాకు అది అంత బెంగపడవలసినదిగా తోచలేదు. క్రమం తప్పని సాధన వల్ల రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పెరుగుతుంది. అల్బుమిన్ అనే ప్రోటీన్ నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచడం ఇందుకు ఒక ముఖ్య కారణం. మొత్తం హిమోగ్లోబిన్ తగ్గకపోయినా, పులుసులో నీళ్లు ఎక్కువైనట్లు, దాని చిక్కదనం తక్కువగా కనిపిస్తుంది.

అమ్మాయి సంగతి వేరు. కఠిన వ్యాయామం తరువాత 3 నుంచి 6 గంటల మధ్య హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, పేగులు ఇనుమును పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. పాదం నేలను తాకే దెబ్బకు కొన్ని ఎర్రకణాలు చితికిపోతాయి; బయటపడిన హిమోగ్లోబిన్‌ను పట్టుకొనే పనిలో హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఖర్చవుతుంది. ఇవి ఇద్దరికీ ఉన్నవే. ఆడపిల్లలకు నెలనెలా పోయే రక్తం అదనం. మగవారిలో టెస్టోస్టెరాన్ ఎర్రకణాల తయారీని పెంచుతుంది కనుకనే రక్తహీనతకు హద్దు వారికి 13 గ్రాములు, గర్భం లేని స్త్రీలకు 12 గ్రాములు.

డాక్టరమ్మ ఇనుము మాత్రలు రాసిచ్చారు. రాగి సంగటి తిన్న వెంటనే టీ తాగే అలవాటును (ఆ జోడీ ఏమిటో నాకెన్నడూ అర్థం కాలేదు) మానిపించి, ఇనుము ఒంటికి బాగా పట్టేలా మాత్రను నిమ్మరసంతో వేసుకోమన్నారు.