మేయర్ కుర్చీకి దారి డివిజన్‌లోంచే

ఎవరైనా కొత్తవాళ్ళు “ఈసారి మేయర్‌గా నిలబడుతున్నా” అంటే వాళ్ళని ముందుగా అడగాల్సింది, ఏ డివిజన్ నుంచి అని. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ మేయర్ అభ్యర్థి పేరుతో బ్యాలెట్ ఉండదు. కార్పొరేటర్‌గా గెలిచి, ఆ తర్వాత కౌన్సిల్ హాల్లో మిగతా కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు (పదవి రీత్యా కౌన్సిల్‌లో ఓటున్న ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు) చేతులెత్తితేనే మేయర్. ఒకప్పుడు జనమే నేరుగా ఎన్నుకునేవారు. 2000లో విజయవాడలో పంచుమర్తి అనురాధ 26 ఏళ్ళకే అలా మేయర్ అయ్యారు. 2002లో హైదరాబాద్‌లో తీగల కృష్ణారెడ్డి కూడా అలాగే గెలిచారు. తర్వాత చట్టం మారింది. ఉత్తరప్రదేశ్‌లో ఇప్పటికీ నేరుగానే ఓటేస్తారు కాబట్టి అక్కడి ప్రచారాలు చూసి ఇక్కడ ఊరంతా “మన మేయర్” అని ఫ్లెక్సీలు కట్టించుకుంటే పక్క డివిజన్‌లో పెట్టిన ప్రతి రూపాయీ వృథా. అక్కడి ఓటరు మీకు ఓటెయ్యలేడు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది రిజర్వేషన్ గెజిట్. మేయర్ పదవికి ఒక రిజర్వేషన్, డివిజన్‌కి ఇంకొకటి. రెండూ మీకు కలిసి రావాలి. 2020 జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ఎన్నికల్లో మేయర్ పదవి జనరల్ మహిళకి వెళ్ళింది. అంటే ఎంత పేరున్న మగ నాయకుడైనా ఆ అయిదేళ్ళూ కార్పొరేటర్‌తో సరిపెట్టుకోవాల్సిందే. 150 డివిజన్లలో ఎస్టీకి 2, ఎస్సీకి 10, బీసీకి 50 పోగా మిగిలిన 88లో సగం, అంటే 44, మహిళలకే. ఏ పురుషుడైనా రిజర్వేషన్ లేకుండా నిలబడగలిగే డివిజన్లు మిగతా 44 మాత్రమే. అందుకే గెజిట్ రాకముందే ఒక్క డివిజన్ మీద డబ్బు గుమ్మరించకూడదు. పక్కపక్కనే ఉన్న రెండు మూడు డివిజన్లలో మనుషుల్ని తెలుసుకుని ఉండాలి. అభ్యర్థి పేరు ఆ కార్పొరేషన్ ఓటర్ల జాబితాలో ఎక్కడున్నా ఫర్వాలేదు. ప్రతిపాదించే వ్యక్తి మాత్రం పోటీ చేసే డివిజన్ ఓటరే అయి ఉండాలి. ఈ చిన్న తేడా తెలియక బావమరిదితో సంతకం పెట్టించి, ఆయన ఓటు వీధి అవతలి డివిజన్‌లో ఉందని స్క్రూటినీ (నామినేషన్ల పరిశీలన) రోజున తెలుసుకునేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు.

కాగితాల దగ్గర ఓడిపోవడమంత చవకబారు ఓటమి ఇంకోటి లేదు కాబట్టి ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. 21 ఏళ్ళు నిండాలి. ఆస్తిపన్ను బకాయిలు కట్టేసి రసీదులు దగ్గర పెట్టుకోవాలి. ఇల్లు నాన్నగారి పేరున ఉన్నా, మీ పేరున ఒక షట్టర్ ఉంటే దాని బిల్లు కూడా చూసుకోవాలి. రిజర్వుడు స్థానమైతే కులధ్రువీకరణ పత్రం తప్పనిసరి. పెళ్ళయిన ఆడవాళ్ళకి పుట్టింటి కులమే లెక్క, భర్త కులం చెల్లదు. అందుకే తండ్రి పేరుతో ఉన్న పత్రమే తెచ్చుకోవాలి. ఎమ్మార్వో ఆఫీసులో ఆఖరి మూడు రోజుల్లో ఆ పత్రం కోసం ఉండే క్యూ చూస్తే, నెల ముందే తెచ్చుకోమని ఎందుకంటున్నామో తెలుస్తుంది. పిల్లల నిబంధన ఇంకోటి. జీహెచ్‌ఎంసీ 2020 ఎన్నికల్లో ముగ్గురు పిల్లలున్నవాళ్ళకి అడ్డొచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2024లో దాన్ని ఎత్తేసింది. నోటిఫికేషన్ నాటికి మీ కార్పొరేషన్ చట్టంలో ఏముందో అదే వర్తిస్తుంది, పోయినసారి ఎవరో చెప్పింది కాదు.

అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ రాయాలి. ఏ గడీ ఖాళీగా వదలకండి. లేకపోతే “లేదు” అని, సంబంధం లేకపోతే “వర్తించదు” అని రాయండి. ఒక గీత గీసి వదిలేసినా రిటర్నింగ్ అధికారి నోటీసు ఇచ్చి పూర్తి చెయ్యమనొచ్చు, చెయ్యకపోతే తిరస్కరించవచ్చు. భార్య పేరున ఉన్న బంగారం, కొట్టేసిన కేసు, కొట్టెయ్యని కేసు, ఇవన్నీ ప్రత్యర్థి లాయరు ముందే తీసి పెట్టుకుంటాడని అనుకోండి. నామినేషన్ ఒక్క సెట్టుతో ఆపకుండా రెండు మూడు వెయ్యండి, ఒక్కో సెట్టుకి ఒక్కో ప్రతిపాదకుడితో. ఒకదానిలో లోపం ఉన్నా ఇంకోటి నిలబడుతుంది. డిపాజిట్ మాత్రం పెద్ద భారం కాదు. 2020లో హైదరాబాద్‌లో జనరల్‌కి అయిదు వేలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకి రెండున్నర వేలు.

తర్వాత తేదీలు. అదే జీహెచ్‌ఎంసీ ఎన్నికకి నవంబర్ 17న నోటిఫికేషన్ వచ్చింది. 18 నుంచి 20 దాకా నామినేషన్లు, 21న పరిశీలన, 22న ఉపసంహరణ, 29 సాయంత్రం ఆరుకి ప్రచారం బంద్, డిసెంబర్ 1న పోలింగ్. మొత్తం రెండు వారాలు. ఇండిపెండెంట్‌కి గుర్తు ఇచ్చేది ఉపసంహరణ గడువు ముగిశాకే. అంటే 22 సాయంత్రం మీ చేతికి ఏ గ్యాస్ సిలిండరో, ఏ కుట్టు మిషనో వస్తే, దాన్ని జనం కళ్ళలో పడెయ్యడానికి మిగిలేది ఏడు రోజులు. గుర్తు రాకముందే కరపత్రం డిజైన్ సిద్ధం చేసి, గుర్తు పెట్టాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంచి, ప్రెస్సు వాడికి అడ్వాన్సు ఇచ్చి ఉండాలి. ప్రింటర్ పేరు, చిరునామా, ఎన్ని కాపీలు అన్నది కింద పడాలి. అది లేని కరపత్రం దొరికితే ఫిర్యాదు ఖాయం.

పార్టీ తరఫున అయితే కథ వేరు. బీఫారం, అంటే ఈయనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం, ఉపసంహరణ రోజు మధ్యాహ్నం మూడింటి లోపు రిటర్నింగ్ అధికారికి చేరితే చాలు. ఈ వెసులుబాటే కొత్తవాళ్ళకి పెద్ద గండం. ఒక్కో డివిజన్‌లో ఒకే పార్టీ పేరు మీద నలుగురు నామినేషన్ వేసి, చివరి గంట దాకా ఫోన్ల వైపు చూస్తూ కూర్చుంటారు. ఇన్‌చార్జి మాటిచ్చాడని నమ్మి, ఇండిపెండెంట్‌గా ఉండాలా తప్పుకోవాలా అన్నది ముందే తేల్చుకోనివాళ్ళు మూడూ అయిదుకి రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. బీఫారం మీద సిరా సంతకమే ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ప్రింటు చెల్లదు.

ఇక డివిజన్ లెక్క. 2020లో జీహెచ్‌ఎంసీ ఓటర్లు 74 లక్షల పైచిలుకు, పోలింగ్ కేంద్రాలు 9,101. సగటున డివిజన్‌కి ఏభై వేల ఓట్లు, అరవై బూత్‌లు. అప్పటి ఖర్చు పరిమితి అయిదు లక్షలు. అంటే చట్టబద్ధంగా ఓటరుకి పది రూపాయలు. ఆ పదిలోనే జెండా, ఆటోకి మైకు, కార్యకర్తల టిఫిన్లు, బూత్ ఖర్చు అన్నీ. పోలైంది 46 శాతం చిల్లర కాబట్టి డివిజన్‌కి పడింది దాదాపు ఇరవై మూడు వేల ఓట్లు. ముగ్గురు గట్టి అభ్యర్థులుంటే తొమ్మిది పది వేలు తెచ్చుకున్నవాడే కార్పొరేటర్. ఏభై వేలమందినీ ఒప్పించాలని బయల్దేరితే ఎవర్నీ ఒప్పించలేరు. ఇంటికి ముగ్గురు నలుగురు ఓటర్లు అనుకున్నా పద్నాలుగు వేల గడపలు. వారంలో అభ్యర్థి అన్నీ తొక్కాలంటే రోజుకి రెండు వేలు, మనిషన్నవాడికి సాధ్యం కాదు. అందుకే జాబితా ముందేసుకుని అరవై బూత్‌లనూ మూడు రకాలుగా విడగొట్టాలి: మనవి, ఎటూ తేలనివి, ఎంత తిరిగినా రానివి. అభ్యర్థి కాళ్ళు రెండో రకానికి. మొదటి రకంలో పని ఓట్లు అడగడం కంటే ఓటర్లని బయటికి తీసుకురావడం.

జాబితాలోనే సగం యుద్ధం ఉంది. డివిజన్ జాబితా అసెంబ్లీ ఓటర్ల జాబితాలోంచి విడగొట్టి తయారుచేస్తారు. గీత ఒక సందు మధ్యలోంచి పోతే ఒకే ఇంట్లో మొగుడూ పెళ్ళాల ఓట్లు రెండు డివిజన్లలో పడతాయి. అపార్ట్‌మెంట్లలో ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ఏళ్ళ తరబడి ఉంటాయి, కొత్తగా దిగినవాళ్ళవి ఉండవు. ముసాయిదా వెలువడ్డాక అభ్యంతరాలకి ఇచ్చేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో మీ మనుషులు పెన్సిలు పట్టుకుని మెట్లెక్కి తలుపు తలుపూ తట్టి, చనిపోయినవాళ్ళు, మారినవాళ్ళు, పేరు లేనివాళ్ళు అని మూడు గుర్తులు పెట్టుకోవాలి. వాచ్‌మన్‌ని అడిగితే అయిదు నిమిషాల్లో ఒక అపార్ట్‌మెంట్ తేలిపోతుంది. ఆ గుర్తులు పెట్టిన కాగితమే పోలింగ్ రోజు ఏజెంటు చేతిలో ఉండాలి. అరవై బూత్‌లంటే అరవై మంది ఏజెంట్లు, మధ్యాహ్నం మార్చడానికి ఇంకో అరవై. అంతమంది లేరంటే డబ్బుకంటే పెద్ద లోటు అదే.

వాగ్దానాల సంగతి. హైదరాబాద్‌లో నల్లా నీళ్ళు, డ్రైనేజీ జలమండలివి, కరెంటు డిస్కంది, ట్రాఫిక్ పోలీసులది. కార్పొరేషన్ చేతిలో ఉన్నవి చెత్త, వీధిదీపాలు, కాలనీ రోడ్లు, పార్కులు, దోమల మందు, ఇంటి అనుమతుల్లాంటివి. అందులోనూ ఫైళ్ళ మీద అధికారం కమిషనర్‌ది. మేయర్ కౌన్సిల్ నడుపుతారు, స్టాండింగ్ కమిటీకి అధ్యక్షత వహిస్తారు. “నేను గెలిస్తే రోజూ నీళ్ళు” అన్న అభ్యర్థిని రెండో మీటింగ్‌లోనే ఏ రిటైర్డ్ ఇంజనీరో లేచి నిలదీస్తాడు.

పోలింగ్ రోజు ఏం తప్పుతుందో రెండు ఉదాహరణలు. 2020లో ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థికి కంకి కొడవలి బదులు సీపీఎం సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. పోలింగ్ ఆపి డిసెంబర్ 3న మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. ఏజెంటు పొద్దున్నే వెళ్ళి ఖాళీ పెట్టె చూసి ఊరుకోకుండా, బ్యాలెట్ మీద పేరు, గుర్తు కూడా చూడాలి. రెండోది నేరేడ్‌మెట్. స్వస్తిక్ ముద్ర కాకుండా వేరే ముద్ర పడ్డ ఓట్లు ఆధిక్యం కంటే ఎక్కువ రావడంతో ఫలితం ఆగిపోయి, హైకోర్టు దాకా వెళ్ళి, 9న గానీ తేలలేదు. కౌంటింగ్ టేబుల్ దగ్గర కూర్చునేవాడికి ఈ సంగతులు తెలిసి ఉండాలి. 25 చొప్పున కట్టలు కట్టేటప్పుడు తమ కట్టలో పక్కవాడి ఓటు, పక్కవాడి కట్టలో తమ ఓటు కనిపెట్టగల కన్ను కావాలి. గట్టిగా అరిచే బంధువుని కూర్చోబెడితే పనికిరాడు.

గెలిచారనుకుందాం. అప్పుడు మొదలయ్యేది రెండో ఎన్నిక, ఇందులో మీ ప్రచారంతో పనిలేదు. 2021 విజయవాడే చూడండి. టీడీపీ ముందే మేయర్ అభ్యర్థిగా ప్రకటించిన కేశినేని శ్వేత తన డివిజన్ గెలిచారు. కానీ 64లో వైసీపీకి 49, టీడీపీకి 14. రాయన భాగ్యలక్ష్మి మేయర్ అయ్యారు. ఏ పార్టీకీ మెజారిటీ లేని చోట ఎక్స్ అఫీషియోలు తేలుస్తారు. 2021 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో 149 మంది కార్పొరేటర్లకి తోడు 44 మంది ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు. టీఆర్ఎస్ గెలిచింది 56 డివిజన్లే, ఎంఐఎం మద్దతుతో గద్వాల విజయలక్ష్మి మేయర్ అయ్యారు. పేరు చివరి దాకా సీల్డ్ కవర్‌లోనే ఉంటుంది. ఎవరికి ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, అంటే విప్‌ని, ధిక్కరిస్తే మీ ఓటు చెల్లుతుంది గానీ సభ్యత్వం పోతుంది. ఫలితాలకీ ఆ రోజుకీ మధ్య క్యాంపులో ఉండమంటారు, ఫోన్ తీసుకుంటారు. ఇష్టం లేకపోతే అది బీఫారం తీసుకునే ముందే చెప్పాలి.

కుర్చీ ఎక్కాక కూడా లెక్క ఆగదు. విశాఖలో 98 వార్డుల్లో 58 గెలిచిన వైసీపీ 2021లో మేయర్ పదవి తీసుకుంది. మొదటి నాలుగేళ్ళు అవిశ్వాసం పెట్టకూడదన్న అడ్డు తొలగగానే, 2025 ఏప్రిల్ 19న మేయర్ మీద అవిశ్వాస తీర్మానం 74 ఓట్లతో నెగ్గింది. ఎక్స్ అఫీషియోలని కూడా కలిపితే మూడింట రెండొంతులకి కావలసిందీ సరిగ్గా అంతే. ఒక్క చెయ్యి లేవకపోయినా వీగిపోయేది.

ఓడినవాళ్ళు మర్చిపోయే పని ఒకటుంది. ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి, గెలిచినా ఓడినా. నామినేషన్ నాటి నుంచి ఫలితం దాకా ప్రతి బిల్లూ, బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటుతో సహా. ఇవ్వకపోతే మూడేళ్ళు పోటీకి అనర్హత. పోలింగ్ మర్నాడు టెంటు వాడు, మైకు వాడు, ప్రెస్సు వాడు డబ్బుల కోసం ఎలాగూ వస్తారు, ఆ రోజే రసీదులు రాయించుకోండి.