సియాటెల్‌లో ఒక వంకర వీధి

నవంబరులో సియాటెల్ వస్తే చూడటానికి వాన తప్ప ఏమీ ఉండదని అబ్బాయి ముందే హెచ్చరించాడు. రెడ్‌మండ్‌లోని వాళ్లింట్లో పది రోజులు కిటికీ అద్దం వెనక కూర్చుని విసిగిపోయి, పదకొండో రోజు ఒంటరిగా బయలుదేరి, డౌన్‌టౌన్ మూడో అవెన్యూలో 5 నంబరు బస్సెక్కాను. టికెట్టు మూడు డాలర్లకు కాస్త అటూ ఇటూ. రూపాయల్లోకి మార్చి చూసుకోవద్దని కోడలు ఎన్నిసార్లు చెప్పినా మనసు ఊరుకోదు కదా, ఆ డబ్బుతో మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రోలో పోయి రావడమే కాక మధ్యలో టిఫిను కూడా చేయవచ్చు.

పైపర్స్ క్రీక్‌లోకి సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే సాల్మన్ చేపలను చూడాలన్నది అసలు ఉద్దేశం. అయితే ఆ వాగులోకి నీరు పంపే వీధుల్లో ఒకటి దారిలోనే ఉందని తెలిసి, గ్రీన్‌వుడ్ అవెన్యూలో దిగి పడమటికి నడిచాను. ముప్పై ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసి బతికినవాణ్ణి కనుక రోడ్డు కనబడితే ముందు వెడల్పే చూస్తాను. 117వ వీధికీ 120వ వీధికీ నడుమ ఉన్న ఆ రెండో అవెన్యూ నన్ను తికమక పెట్టింది. తారు వెడల్పు 14 అడుగులే, అదీ పాములా వంకర్లు తిరిగి ఉంది. అంచున ఎత్తైన కాంక్రీటు గట్టు లేదు. రెండు పక్కలా రాళ్లూ పొదలూ నిండిన పల్లపు కాలువలున్నాయి. సన్నగా పడుతున్న వాన తారు మీద నిలవకుండా జారి, ఆ పల్లాల్లోకి దిగి, చప్పుడు లేకుండా మాయమవుతోంది.

కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన నేను వంగి చూడటం గమనించి ఆగాడు. 2001లో పూర్తయిన ఈ వీధిలో వందకు పైగా చెట్లూ, 1,100 పొదలూ నాటారనీ, నీరింకని తారు, కాంక్రీటు నేలను 11 శాతం తగ్గించారనీ, తొలి రెండేళ్ల కొలతల్లో బయటికి పోయే వాననీరు 98 శాతం తగ్గిందనీ సొంత పెరటి గురించి చెప్పినంత గర్వంగా చెప్పాడు. అన్నిచోట్లా ఇలా కుదిరిందా అని అడిగితే నవ్వి, 2010లో సియాటెల్‌లోనే బాలర్డ్ అనే పేటలో తవ్విన ఇలాంటి గుంతల్లో కొన్నింట నీరు రోజుల తరబడి ఇంకక నిలిచిపోవడంతో జనం గోల చేశారనీ, కొన్నింటిని పూడ్చవలసి వచ్చిందనీ దాచకుండా చెప్పాడు. మట్టి గుణం చూడకుండా తవ్వితే ఎక్కడైనా అంతే.

ఈ వీధి ఒక ప్రయోగం. దాన్ని మామూలు సంగతిగా మార్చినవి తరువాత వచ్చిన నిబంధనలు. కొత్త నిర్మాణాల్లో వీలైనంత మేరకు వాననీటిని మొక్కలతో, మట్టితో సంబాళించాలని సియాటెల్ తన నిబంధనల్లో 2009లో చేర్చింది. వాననీటిని వాగుల్లోకి వదలడానికి వాషింగ్టన్ రాష్ట్ర పర్యావరణ శాఖ ఊళ్లకు ఇచ్చే అనుమతుల్లో, 2013లో అమల్లోకి వచ్చిన వాటిలో, రెడ్‌మండ్ వంటి ఊళ్లు 2016 ముగిసేలోగా తమ నిర్మాణ నిబంధనలన్నీ తిరగేసి, రోడ్డు వెడల్పు, పార్కింగు వంటి వాటిలో నీరింకడానికి అడ్డొచ్చే నియమాలను సవరించుకోవాలన్న షరతు ఉంది. నాకు నచ్చినది ఇదే: గుంత తవ్వమని ఒక కొత్త నియమం తగిలించి ఊరుకోకుండా, ఆ గుంతకు చోటు మిగలనివ్వని పాత నియమాన్ని కూడా దిద్దమన్నారు.

మన దగ్గర నియమం లేదా? నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం ఉంది, భవన నిర్మాణ నిబంధనలతో 2012లో వచ్చిన 168 జీవో ఉంది. ఇంకుడు గుంత పేరుతో ప్లాను మూలన చిన్న వృత్తం గీయడం నాకు సంతకంతో సమానం. అలాంటివి ఎన్ని వందలు గీశానో లెక్కలేదు. మా సొంత ఇంటికైతే గుంత నిజంగానే తవ్వించి, కంకర పోయించి, ఫొటో తీసి ఫైల్లో పెట్టి, గృహప్రవేశానికి వారం ముందు దాని మీద షాబాదు బండలు పరిపించాను. ఆ తరువాత వీధిలో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు పడి, ఇప్పుడు గేటు కన్నా రోడ్డే ఎత్తు. 2020 అక్టోబరులో బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు కురిసినప్పుడు మా హాల్లో మోకాళ్ల లోతు నీళ్లు. అంత కుండపోతను ఇక్కడి పొదల కాలువ మింగుతుందని నేను నమ్మను. కానీ మామూలు వానకు కూడా మా వాకిలి గుక్కెడు నీరు తాగడం లేదు.

సాయంత్రానికి వాగు దగ్గరికి చేరాను. చమ్ జాతి సాల్మన్లు నాలుగైదు, ఒళ్లంతా గీరుకుపోయి, రాళ్ల మధ్య కదులుతున్నాయి. టైర్ల పొడిలోంచి వాననీటిలో కలిసే ఒక రసాయనం కోహో జాతి సాల్మన్లను చంపుతోందని 2020లో కనుగొన్నారు; అదే నీరు మట్టి గుండా వడకట్టుకుని వస్తే ఆ చావులు తప్పుతున్నాయట. వాన జోరందుకోవడంతో ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

తిరుగు బస్సులో తమ్ముడికి ఫోను చేసి, బండలు లేపించి ఆ గుంత తెరిపించమన్నాను. అది ఎక్కడుందో వాడికీ తెలియదు, నిజానికి నాకూ సరిగ్గా గుర్తులేదు. అటక మీది ఇనప్పెట్టెలో పర్మిషను ఫైలుంది, అందులో ఫొటో ఉంటుంది, వెనక కనిపించే కొబ్బరిచెట్టు ఆనవాలుతో కొలుచుకోమని చెప్పాను. ఆ చెట్టు కొట్టేసి ఆరేళ్లయిందన్నాడు.