బ్యాంకుని ఫ్రీ క్యాష్ ఫ్లో మార్జిన్‌తో కొలవబోయి ఇరుక్కున్నాను

నంద్యాలలో బ్యాంకు పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతున్న రోజులు. మాక్ ఇంటర్వ్యూలో సార్ అడిగారు: "ఒక బ్యాంకు బాగా నడుస్తోందని ఎలా చెప్తావు?" డిగ్రీలో చదివిన ఫార్ములా అప్పజెప్పాను. ఆపరేటింగ్ క్యాష్ ఫ్లోలోంచి, అంటే రోజువారీ వ్యాపారంలో వచ్చిన నగదులోంచి, క్యాపెక్స్ (భవనాలు, యంత్రాల్లాంటి స్థిరాస్తులపై పెట్టే ఖర్చు) తీసేసి, ఆదాయంతో భాగిస్తే వచ్చేది ఫ్రీ క్యాష్ ఫ్లో మార్జిన్, అది ఎక్కువుంటే మంచిది అన్నాను. "మరి రేపు ఒక్కసారే వెయ్యి కోట్ల డిపాజిట్ వచ్చిందనుకో, బ్యాంకు బాగుపడినట్టేనా?" అన్నారు. నోట మాట రాలేదు.

ఆ రాత్రి రూమ్‌లో ఒక ప్రభుత్వ బ్యాంకు వార్షిక నివేదిక తెరిచి కూర్చున్నాను. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో డిపాజిట్ల పెరుగుదల ఆపరేటింగ్ కిందే ప్లస్‌లో కనిపించింది, ఇచ్చిన అప్పుల పెరుగుదల మైనస్‌లో. సిమెంటు కంపెనీ అప్పు తెచ్చుకుంటే అది ఫైనాన్సింగ్ (నిధుల సమీకరణ) కిందికి వెళ్తుంది. బ్యాంకుకి మాత్రం జనం దాచుకున్న డబ్బే సరుకు.

కాగితం మీద లెక్క వేసుకోండి. మొదటి ఏడు 100 కోట్ల డిపాజిట్లు వచ్చాయి, 80 కోట్లు అప్పిచ్చారు: ప్లస్ 20. రెండో ఏడు కొత్తగా 60 వచ్చాయి, 90 ఇచ్చారు: మైనస్ 30. నిజానికి రెండో ఏడే వడ్డీ ఎక్కువ వస్తుంది, మార్జిన్ మాత్రం మైనస్‌లోకి పోతుంది. ఇక క్యాపెక్స్ సంగతా? నివేదికలో షెడ్యూల్ 9లో ఉండే అడ్వాన్సుల (ఇచ్చిన అప్పుల) ముందు షెడ్యూల్ 10లోని స్థిరాస్తులు ఏ మూలకీ రావు. నాకు ఈ రెండు షెడ్యూళ్లు పక్కపక్కన చూశాకే విషయం బుర్రకెక్కింది. కోచింగ్ మెటీరియల్ పదిసార్లు చదివినా ఎక్కలేదు.

అందుకే బ్యాంకు గురించి అడిగితే నికర వడ్డీ మార్జిన్ (వచ్చే వడ్డీకీ కట్టే వడ్డీకీ మధ్య తేడా, ఆస్తుల్లో శాతంగా), ఆస్తులపై రాబడి, కాసా వాటా (డిపాజిట్లలో కరెంట్, సేవింగ్స్ ఖాతాల వంతు), స్థూల ఎన్‌పీఏ (వసూలు కాక మొండిబకాయిలైన అప్పుల శాతం), మూలధన నిష్పత్తి (రిస్కుకి తగ్గ సొంత మూలధనం ఎంతుందో చూపేది) చెప్పండి. నగదు మాట వస్తే ఎల్‌సీఆర్ (లిక్విడిటీ కవరేజ్ రేషియో) ఎత్తండి. 30 రోజుల గడ్డుకాలాన్ని తట్టుకునే నిల్వలు ఉన్నాయా అని చూసేది అదే. ఎన్‌పీఏకి మాత్రం కాస్త ఎక్కువ టైమ్ ఇవ్వండి. మన బ్యాంకుల స్థూల ఎన్‌పీఏ 2018 మార్చిలో 11 శాతం దాటింది, 2025 మార్చికి రెండున్నర శాతం లోపుకి దిగింది. ఎందుకు దిగిందో రైటాఫ్‌లు (రాని బాకీల్ని పుస్తకాల్లోంచి తీసేయడం), రికవరీలు, దివాలా చట్టంతో సహా చెప్పగలగాలి.

అసలు ఇంటర్వ్యూలో మేడమ్ అడిగారు: "వడ్డీ మార్జిన్ ఎక్కువున్న బ్యాంకు మంచిదేనా?" రిస్కు ఉన్నవాళ్లకి ఎక్కువ వడ్డీకి ఇచ్చినా మార్జిన్ పెరుగుతుంది మేడమ్, ఎన్‌పీఏతో కలిపి చూడాలి అన్నాను. తర్వాతి ప్రశ్న ప్రొవిజన్ కవరేజ్ (మొండిబకాయిల్లో ఎంత భాగానికి ముందే డబ్బు పక్కన పెట్టారో చెప్పేది) మీదే వచ్చింది.