స్కేలు పక్కన పెట్టాక చేతికొచ్చిన పని

68 చూసి 86 అని రాస్తాను. ఫోన్ నంబరు చూసి నొక్కేలోపే రెండంకెలు తారుమారవుతాయి. దీన్ని డిస్కాల్కులియా అంటారనీ, 3 నుంచి 7 శాతం మందికి ఉంటుందని అంచనా అనీ చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే స్టాకు లెక్కలు రాసే ఉద్యోగం పోయింది. ప్రతి వరసా మూడుసార్లు సరిచూసుకునేదాన్ని. అయినా తప్పులు పడేవి. ఇంటికొచ్చి ఏడ్చిన రోజులున్నాయి.

ఆ తర్వాత ఎక్కడ పని అడిగినా ముందు ఒకటే ప్రశ్న: రోజంతా చేతులతో ఏం చేయాలి, కాగితం మీద ఏం రాయాలి? వడ్రంగం అంటే ఇష్టం, కానీ నేను వెళ్లిన చోట మొదటి రోజే టేపు చేతికిచ్చారు. కుట్టుమిషను పనిలో కుట్టు బాగానే కుదిరింది. గంటకెన్ని ముక్కలో రాసుకోవడమే కుదరలేదు. చివరికి పుస్తకాల బైండింగ్‌లో నిలబడ్డాను.

చేరేముందే చెప్పేశాను, నాకు అంకెలు నిలవవని. మాస్టారు విని ఊరుకున్నారు. మర్నాడు ఫారాలకు, అంటే మడిచిన పేజీల కట్టలకు, కుట్టు రంధ్రాలు పెట్టాలి, అన్నిటికీ ఒకేచోట రావాలి. నేను స్కేలు తీశాను. "అది పక్కన పెట్టమ్మా, చీటీ ముక్క తీసుకో" అన్నారు. పుస్తకం వీపు ఎంత పొడవుందో అంత చీటీ చింపి సగానికి మడిచారు, మళ్లీ సగానికి. విప్పితే మూడు మడతలు. ఆ చీటీని ఫారం మడతలో పెట్టి, గీత ఉన్నచోటల్లా దబ్బనంతో పొడవడమే. అంత కచ్చితంగా సగం చేయడం స్కేలుతో నాకు ఏనాడూ చేతకాలేదు.

ఫారాల వరసకూ భయపడ్డాను, పేజీ నంబర్లు చూడాలి కదా అని. అక్కడా అక్కర్లేకపోయింది. ప్రతి ఫారం వీపు మీద చిన్న నల్లగుర్తు అచ్చువేసి ఉంటుంది, ఒక్కో ఫారానికి కొంచెం కిందకి. అన్నీ పేర్చి పక్కనుంచి చూస్తే మెట్లలా దిగుతాయి. మెట్టు తెగిందంటే ఫారం లేదు, ఒకే ఎత్తులో రెండుంటే అదే ఫారం రెండుసార్లు పడింది. నేను ఒక్క చూపులో పట్టేస్తాను.

నన్ను ఏడిపించింది మాత్రం అట్ట. మొదటిసారి సొంతంగా కట్టిన పుస్తకాలు సాయంత్రం చదునుగా ఉన్నాయి, పొద్దున చూస్తే అన్నిటి అట్టలూ వంకరపోయాయి. మిషను మీద తయారయ్యే కాగితంలో నార ఎక్కువగా ఒకే వైపుకి పడి ఉంటుంది. తడి జిగురు రాయగానే కాగితం ఆ నారకు అడ్డంగా సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటూ అట్టను లాగుతుంది. అందుకే అట్టకీ కాగితానికీ నార పుస్తకం వీపు వెంబడి నిలువుగా ఉండాలి. నేను అడ్డంగా కోశాను. అన్నీ విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది.

ఆ వారమంతా ఏ కాగితం కనబడినా వంచి చూశాను. ఒకవైపు మెత్తగా ఒదుగుతుంది, రెండోవైపు ఎదురుతిరుగుతుంది. ఒదిగే వైపే నార వాటం. అనుమానమొస్తే ఓ మూల చింపుతాను, నార వెంబడి చీలిక తిన్నగా పోతుంది, అడ్డంగా అయితే పక్కకి తప్పుతుంది. ఇప్పుడు కళ్లు మూసుకుని చెప్పగలను. నా చేతుల మీద నాకు నమ్మకం కుదిరింది ఆ వారంలోనే.

అంకెలు బొత్తిగా లేవని చెప్పను. కాపీలు లెక్కపెట్టాలి. ఒక దొంతర ఇద్దరం కలిసి లెక్కపెట్టి, మిగతావి దాని ఎత్తుకి సరిపెడతాను. కటింగ్ మిషనుకు కొలత పెట్టే పని మాత్రం తీసుకోను, పక్క బల్ల అబ్బాయి పెడతాడు. అతనికి కుట్టు బిగువు కుదరదు, వదులైపోతుంది. అతని ఫారాలు నేను కుడతాను.