ఏపీఐ 510 పాసయ్యాను: థిక్‌నెస్ లెక్కల దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం

మిత్రులారా, ఏపీఐ 510 (ప్రెషర్ వెసెల్స్, అంటే ఒత్తిడిలో గ్యాసో ద్రవమో ఉండే పాత్రలు, తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ల సర్టిఫికెట్ పరీక్ష) రిజల్ట్ వచ్చింది, పాస్! ఇది ఏ పరీక్షో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాలేదు కానీ స్వీట్లు మాత్రం పంచేశారు. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నన్ను ఎక్కువగా సతాయించింది ఒక్కటే: కరోజన్ అలవెన్సు (తుప్పుకి పోతుందని ముందే కలిపే మందం), మిల్ టాలరెన్సు (మిల్లు నుంచి వచ్చేటప్పుడే ఉండగల తరుగు), ఫార్మింగ్‌లో (ప్లేటును వంచి ఆకారం తెచ్చేటప్పుడు) పలచబడేది, వీటిలో ఏది ఎక్కడ లెక్కలోకి తీసుకోవాలి అని.

కింది లెక్క చేత్తో వేశాకే నాకు దారి కనబడింది. ప్రెషర్ 2 ఎంపీఏ, లోపలి రేడియస్ 750 మి.మీ., ఎస్ (మెటీరియల్‌కి అనుమతించే స్ట్రెస్) 138 ఎంపీఏ, ఈ (వెల్డ్ జాయింట్ ఎఫిషియెన్సీ) 1, కరోజన్ అలవెన్సు 3 మి.మీ. ఏఎస్ఎంఈ కోడ్‌లో షెల్ మందం లెక్కకట్టే యూజీ-27 ఫార్ములాలో 750 పెడితే 10.965 మి.మీ. వస్తుంది, 3 కలిపితే 13.965, హమ్మయ్య 14 ప్లేటు చాలు అనుకుంటాం. కానీ ఆ 3 మి.మీ. తినేశాక రేడియస్ 753 కదా! దాంతో వేస్తే 11.009, మొత్తం 14.009. ఇక 14 ప్లేటు కుదరదు, బజార్లో దొరికే తర్వాతి సైజు 16 తీసుకోవాల్సిందే. "0.25 టాలరెన్సు ఉందిగా" అని మా షాపులో సీనియర్లే వాదించారు. అదే కోడ్‌లో యూజీ-16 తెరిచి చూడండి, డిజైన్ థిక్‌నెస్ (అలవెన్సు కలిపిన మందం) కన్నా తక్కువ ప్లేటు అసలు ఆర్డరే ఇవ్వకూడదు. ఆ 0.25 మి.మీ. లేదా 6 శాతం, ఏది తక్కువైతే అది, మిల్లు పంపిన ప్లేటు కాస్త పలచగా వస్తే ఇచ్చే వెసులుబాటు, అంతే.

డిష్డ్ ఎండ్‌కి (వెసెల్ చివర మూసే గిన్నెలాంటి మూతకి) కావలసిన మందం ఫార్మింగ్ అయ్యాక అన్నిటికన్నా పలచగా ఉన్న చోట ఉండాలి, అందుకే షాపువాళ్లు ముందే మందం ప్లేటు తీసుకుంటారు. పైపు నాజిల్ (వెసెల్‌కి అతికే పైపు ముక్క) అయితే మిల్ టాలరెన్సు కింద 12.5 శాతం తీసేసి చూడాలి: 6 ఇంచీల షెడ్యూల్ 40 పైపు మందం 7.11 మి.మీ., చేతికి మిగిలేది 6.22.

సర్వీసులో ఉన్న వెసెల్‌కి యూటీ (అల్ట్రాసోనిక్‌తో కొలిచిన మందం) రీడింగ్ ఇస్తే మాత్రం మిల్ టాలరెన్సు మళ్లీ తీయకండి, కొలిచింది అసలు మందమే. ఎంఏడబ్ల్యూపీ (వెసెల్‌కి అనుమతించే గరిష్ఠ ప్రెషర్) అడిగితే ఆ కొలిచిన మందంలోంచి, వచ్చే ఇన్‌స్పెక్షన్ లోపు పోయే మందానికి రెట్టింపు తీసేయాలి.

క్లోజ్డ్ బుక్ (పుస్తకం చూడకుండా రాసే భాగం) గురించి చెప్పేదేం లేదు, చదవాలి. డంపులతో (బయటికొచ్చిన పాత ప్రశ్నల సెట్లతో) పాసైపోవచ్చు అనేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లిష్టం. నేను నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి కూడా రోజూ ఒక లెక్క వేశాకే పడుకున్నాను, పెళ్లిళ్లు మానేశాను, బంధువులు పొగరన్నారు, అననీ. కుదరదు అనేవాళ్లు ముందు ఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూసుకోండి.