ఆరో వారం: కెనరీ బరువు ఇంకా దిగలేదు

ఇవాళ పొద్దున మగ కెనరీని తూకం వేస్తే 25.4 గ్రాములు. పోయిన ఆదివారం 25.1. ఆరు వారాల కిందట ఫించ్‌లున్న నాలుగడుగుల పంజరంలోకి మార్చిన రోజున ఇదే పిట్ట 20.6 ఉంది. పొట్ట మీద ఈకలు ఊది చూస్తే చర్మం కింద పసుపుపచ్చటి కొవ్వు రొమ్ము ఎముక దాకా పాకింది. పాట తగ్గింది. పొద్దున్నే పావుగంట ఆపకుండా పాడేవాడు, ఇప్పుడు రెండు మూడు వరసలు పాడి ఊరుకుంటున్నాడు. నాకైతే చాలా బెంగగా ఉంది.

పంజరంలో ఒక జత కెనరీలు, రెండు జతల జీబ్రా ఫించ్‌లు. ఒక ఫించ్ జతకు నాలుగు పిల్లలు, ఇవాళ్టికి పదకొండో రోజు.

మొదట అనుమానం వలిసెల మీదికే పోయింది. మాకు అరకు నుంచి చుట్టాలు తెచ్చిస్తారు, నల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి. నూనె ఎక్కువ. ఆరు పిట్టలకూ కలిపి రోజుకు 30 గ్రాముల మిక్స్: కెనరీ సీడ్ (ఒక రకం గడ్డి గింజ) 12, కొర్రలు 10, వరిగలు 5, వలిసెలు 3. మర్నాడు డబ్బాలో మిగిలింది, ట్రేలో పడింది కలిపి చిన్న చేటలో చెరిగాను. పొట్టు ఎగిరిపోయాక కొర్రలు 3 గ్రాముల పైనే తేలాయి, వలిసెలు చిటికెడు కూడా లేవు. కెనరీ ముక్కుతో అటూ ఇటూ చిమ్మి ముందు వాటినే ఏరుకుంటోంది. చెరగకుండా కంటితో చూస్తే మాత్రం డబ్బా నిండుగానే కనిపిస్తుంది, పైనంతా పొట్టే. ఈ పొట్టు చూసి మోసపోయి పిట్టల్ని పస్తు పెట్టినవాళ్లు చాలామంది.

సరే, మూడో వారం నుంచి వలిసెలు పూర్తిగా ఆపేశాను. అప్పటికి బరువు 23.2. పన్నెండు రోజుల తర్వాత 24.4. ఆపేసినా పెరిగింది!

గింజల డబ్బాలు రెండు చేసి మూడడుగుల ఎడం పెట్టాను. ఏమీ మారలేదు, వాడు రెండింటి మీదా తిరిగాడు. కొర్ర కంకులు కింద ట్రేలో పరిచాను. జీబ్రా ఫించ్‌లది ఆస్ట్రేలియా ఎండు నేలల బతుకు, నేల మీద రాలిన గడ్డి గింజలు ఏరుకోవడం వాటికి పుట్టుకతో వచ్చింది కాబట్టి అవి కిందికి దిగి హాయిగా తింటున్నాయి. ఇది బాగా కుదిరింది, కానీ కెనరీ బరువు మీద దీని ప్రభావమేమీ లేదు.

అప్పుడు ఫోన్ పంజరానికి ఆనించి పొద్దున పూట వీడియో తీశాను. అసలు సంగతి అక్కడ తెలిసింది. ఫించ్‌లకు గూడు పెట్టె కట్టింది కూడా కెనరీలను మార్చిన వారమే. ఆ రోజు నుంచీ ఉడికిన గుడ్డు, రస్కు పొడి కలిపి రోజూ 15 గ్రాములు పెడుతున్నాను. 7:05కి గిన్నె పెట్టాను, 7:25కి 4 గ్రాములే మిగిలింది. ఆ ఇరవై నిమిషాల్లో మగ కెనరీ పద్నాలుగు సార్లు వచ్చాడు, వచ్చిన ప్రతిసారీ పచ్చసొన ముక్కలే ఏరాడు. ఫించ్ తండ్రి మూడుసార్లు వచ్చి, కెనరీ ముక్కు చూపించగానే వెనక్కి తగ్గాడు. పిల్లలున్న ఫించ్‌లకు గుడ్డు మానేయలేం, గూడు కట్టని కెనరీకి రోజూ గుడ్డు పెట్టకూడదు. రెండూ ఒకే పంజరంలో ఉన్నప్పుడు చిక్కంతా గింజల్లో లేదు, ఈ చిన్న గిన్నెలో ఉంది.

అందుకని ఒక ప్లాస్టిక్ డబ్బాకు గుండ్రటి కన్నాలు చేసి, అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, గుడ్డు లోపల పెట్టాను. 30 మిల్లీమీటర్ల కన్నంలో కెనరీ మొదటి గంటలోనే దూరాడు. ఈకలు చూసి లావనుకుంటాం గానీ లోపల ఒళ్లు సన్నం. 26కి తగ్గిస్తే భుజాల దగ్గర ఆగాడు. అయినా తల, మెడ లోపలికి పెట్టి గిన్నె అంచు నుంచి తిన్నాడు. అప్పుడు గిన్నె కన్నానికి 3 సెంటీమీటర్ల దూరంలో ఉంది, దాన్ని 9కి జరిపాను. కెనరీకి అందడం ఆగిపోయింది. కానీ ఫించ్ తల్లి ఆ డబ్బా దగ్గరికే పోలేదు. తండ్రి ఒక్కడే వెళ్లాడు, అదీ రోజుకు నాలుగైదు సార్లు. సాయంత్రం పిల్లల మెడ పక్కన సంచులు చూస్తే సగమే నిండి ఉన్నాయి, అందులో గింజలే కనిపించాయి, గుడ్డు పసుపు లేదు. అన్నింటికన్నా చిన్న పిల్ల రెండు రోజుల్లో 7.1 నుంచి 7.3కే వచ్చింది. ఇక ఆగలేక డబ్బా తీసేశాను. ఈ పూటే 7.9కి లేచింది, ప్రాణం కుదుటపడింది.

తల్లి భయం కన్నానిది కాదు, చీకటిదని నా అనుమానం. డబ్బా ముదురు నీలం రంగు. పారదర్శకంగా ఉండే డబ్బాతో మళ్లీ చూడాలి, కాకపోతే పిల్లలు ఎగిరాకే. పిల్లల కడుపుతో ప్రయోగాలు చేయను.

మొలకెత్తిన కొర్రలు అందరూ తింటున్నారు. పిట్టలు సున్నం కోసం కొరుక్కునే సముద్రపు నురుగు ఆయుర్వేద మూలికల కొట్లో కొన్నాను, కటిల్ బోన్ పేరుతో అమ్మేదీ ఇదీ ఒకటే, ధర చాలా తక్కువ. మిక్స్ విషయంలో వెర్సెల్-లాగా అనే కంపెనీ అమ్మే గింజ శుభ్రంగా ఉంటుంది, దుమ్ము ఉండదు. కానీ కొర్రలు, వరిగలు మన దగ్గర ఇంత బాగా దొరుకుతుంటే బెల్జియం నుంచి వచ్చిన చిరుధాన్యానికి డబ్బు పెట్టడం నాకు నచ్చదు. కెనరీ సీడ్ ఒక్కటే విడిగా కొని మిగతావి ఇంట్లో కలుపుకోవడమే మేలు.

రేపటి నుంచి వేరే పద్ధతి. 6:45కి కెనరీలను రెండడుగుల పంజరంలోకి మార్చి, స్నానం గిన్నె, నాలుగు మెంతికూర రెబ్బలు పెడతాను. స్నానమంటే వాటికి ప్రాణం, అరగంట అందులోనే గడుపుతాయి. ఈలోగా ఫించ్‌లకు గుడ్డు. 7:30కి గిన్నె తీసేసి కెనరీలను వెనక్కి వదలాలి. రోజూ పట్టుకుంటే బెదురుతాయి కాబట్టి చిన్న పంజరం తలుపును పెద్దదాని తలుపుకి ఆనించి కట్టి, మెంతికూర చూపించి వాటంతట అవే వచ్చేలా అలవాటు చేయాలి. పిల్లలు ఎగరడానికి ఇంకా వారం పైన పడుతుంది, ఆ తర్వాత గుడ్డు వారానికి రెండుసార్లే. మధ్య కొమ్మలు రెండు ఈ రాత్రే తీసేస్తున్నాను, కెనరీ ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగడుగులూ ఎగరాలి. వచ్చే ఆదివారం తూకంలో 25 కిందికి వస్తే రోజుకు అర గ్రాము వలిసెలు మళ్లీ మొదలుపెడతాను.